రెండొందల నలభై పసుపు గౌన్ల పాట

డిసెంబరు రెండో తారీకు ఉదయం న్సింబా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికల్లా మార్కెట్టుకి చేరాలి. ఎనిమిదింటికి మూట విప్పాలి. తొమ్మిదింటికి గౌన్లన్నీ తాడు మీద వేలాడదీసి, పదింటికి బేరాలు మొదలుపెట్టాలి. కిన్షాసాలో క్రిస్మస్ నాడు పొయ్యి మీద కోడి ఉన్నా లేకపోయినా పిల్లల ఒంటి మీద కొత్తబట్ట ఉండి తీరాలి. ఆ బట్ట వేసుకుని వాళ్ళు బాబాయిల గుమ్మాలూ మేనమామల గుమ్మాలూ తిరిగి చూపించుకోవాలి. అందుచేత పిల్లల బట్టలమ్మే మనిషికి ఏడాదంతా ఒక ఎత్తు, ఈ మూడు వారాలు ఒక ఎత్తు. డిసెంబరు ఇరవై ఆరున గౌనంటే పాత పేపరుతో సమానం.

మూట నది అవతల బ్రాజవిల్ నుంచి వచ్చింది. మూటలు విప్పి చూపించి అమ్మడం ఆ నది మీద ఎప్పుడూ లేదు. పైకుట్టు చూసి కొనుక్కోవాలి, లోపలిది మన అదృష్టం. పద్నాలుగేళ్ళుగా న్సింబా అలాగే కొంటోంది. కత్తితో తాడు కోసి పై గౌను తీసింది. పసుపు రంగు, మెడకి తెల్ల కుచ్చు, నడుముకి ఆకుపచ్చ రిబ్బను పువ్వు. ఫరవాలేదు అనుకుంది. దాని కింద గౌను తీసింది. పసుపు రంగు, తెల్ల కుచ్చు, ఆకుపచ్చ పువ్వు. భుజం దాకా చెయ్యి దూర్చి అడుగునుంచి ఒకటి లాగింది. అదీ ఆకుపచ్చ పువ్వుతోనే వచ్చింది. మొత్తం రెండొందల నలభై. సైజుల్లో తేడా ఉంది గాని, మిగతా అంతా ఒకటే.

"ఏంటక్కా, స్కూలేమన్నా పెడుతున్నావా?" అంది లాందు. లాందు న్సింబా చెల్లెలు. ఆ కొట్ల వరస మధ్యలో బాణలి పెట్టుకుని తీపి బొండాలు వేస్తుంది.

"నోరు మూసుకుని నీ బొండాలు చూసుకోవే. మాడుతున్నాయి."

మొదటి రోజు ఎనిమిది గౌన్లు పోయాయి. రెండో రోజు వాటిలో ఐదు తిరిగొచ్చాయి. తెచ్చినవాళ్ళలో ఒకావిడ కొట్టు ముందు నిలబడి నలుగురికీ వినపడేలా మాట్లాడింది. "మా పక్కింట్లో ఇదే గౌను. ఎదురింట్లో ఇదే గౌను. క్రిస్మస్ పూట మా పిల్ల పక్కింటి పిల్లలా కనపడాలా? ఆ పక్కింటిదానికి ఇప్పటికే నేనంటే లోకువ!"

న్సింబా గౌన్లు వెనక్కి తీసుకుంది. తీసుకోనంటే ఆవిడ సాయంత్రం దాకా అక్కడే మాట్లాడుతుంది, ఆ నష్టం ఐదు గౌన్ల కంటే ఎక్కువ.

ఆ వరసలో మూల మీదున్న స్థలం న్సింబాది. రెండు దారుల జనం కలిసే చోటు. మార్కెట్టులో స్థలాలు డిసెంబరు ముప్పైన తిరగరాస్తారు, ఆ రోజు కిస్తీ కట్టగలిగినవాళ్ళదే స్థలం. ఈ ఏడు న్సింబా కిస్తీ అంతా ఈ మూటలో ఉంది. గౌన్లు కదిలితే మూల తనది. కదలకపోతే, ఆ మూల కోసం అందరికంటే ముందు పేరు రాయించుకున్న మనిషిది. ఆ మనిషి సరిగ్గా ఎదురు కొట్టులో కూర్చుని పిల్లల బూట్లు అమ్ముతోంది. పేరు న్జూజి. న్సింబా కవల, పావుగంట చిన్నది.

పేర్లు వెతుక్కునే శ్రమ వాళ్ళమ్మకి లేకపోయింది. కవలల్లో ముందొచ్చింది న్సింబా, వెనకొచ్చింది న్జూజి, ఆ తర్వాతి కాన్పు లాందు. కాంగో జాతివాళ్ళ ఏ ఇంట్లోనైనా అంతే, ఆడైనా మగైనా.

అక్కచెల్లెళ్ళిద్దరికీ ఈస్టరు నుంచి మాటల్లేవు. ఎవరో బేరానికి వచ్చి, "ఎదురుకొట్టావిడ మీకేమవుతుంది?" అనడిగితే న్జూజి, "మా పెద్దక్కండీ. పన్నెండేళ్ళు పెద్దది, పాపం. చూపు ఆనదు. సైజు మీరే చూసుకోండి" అంది. ఆ మనిషి మంచిది. నేరుగా న్సింబా దగ్గరికొచ్చి, గౌను మీద సైజు చీటీని పెద్ద గొంతుతో చదివి వినిపించింది. ఆ రోజునుంచి నాలుగు బారల దారికి అటూ ఇటూ కూర్చున్న ఇద్దరి మధ్యా కబుర్లన్నీ లాందు బాణలి మీదుగానే నడుస్తున్నాయి.

"లాందూ, ఆవిడ గొడుగు నీడ నా వైపు పడుతోందని చెప్పు."

"అక్కా, నీ గొడుగు నీడ..."

"వినపడింది. సూర్యుడితో చెప్పుకోమను."

ఐదో తారీకు సాయంత్రం న్సింబా బొకేలో అనే పాటగాడి దగ్గరికి వెళ్ళింది. బొకేలో ఆరుగురు మనుషుల బ్యాండుకి పెద్ద, పాట రాసేదీ పాడేదీ అతనే. మార్కెట్టు ఎదురుగా ఉన్న బీరు హాలు కోసం క్రిస్మస్ పాట కడుతున్నాడని ఊరంతా తెలుసు. ఆ ఊళ్ళో పాటకి సాయం చేసినవాళ్ళ పేరు పాటలోనే పిలుస్తారు. గిటారు సాగుతుండగా గాయకుడు మధ్యలో ఒక్క కేక వేస్తాడు, ఆ మనిషి పేరు బస్సుల్లో, బార్లలో, పెళ్ళిళ్ళలో మోగుతుంది. బోర్డు రాయిస్తే దారినపోయేవాళ్ళే చదువుతారు, పాటైతే ఊరంతా వింటుందని న్సింబా లెక్క.

"ఆరుగురికీ చొక్కాల గుడ్డ ఇస్తా. నా పేరు ఎన్నిసార్లు పిలుస్తావు?"

"మామూలుగా ఒకసారక్కా."

"మూడుసార్లు పిలువు. మూడో చరణంలో కొట్టు ఆనవాలు కూడా చెప్పాలి. మూడో వరస, మూల మీద, పసుపు గౌన్లు, అని."

"మూడో చరణంలో బాలయేసు పుడతాడక్కా."

"పుట్టనీ. పుట్టినవాడికి బట్టలక్కర్లేదా?"

గుడ్డ తీసుకున్నాడు.

"ఇంకో మాట తమ్ముడూ" అంది న్సింబా లేస్తూ. "ఆ పాటలో మా వరసలోంచి నా పేరొక్కటే వినపడాలి. ఎదురుకొట్టు పేరు వినపడిందా, ఆరు చొక్కాలూ మీ ఒంటి మీదే విప్పించి తీసుకుపోతా."

రికార్డింగు గది ఒక దర్జీ కొట్టు వెనకుంది. గోడలకి పాత పరుపులు కట్టి, మధ్యలో ఒక మైకు పెట్టిన గది. ఏడో తారీకు మొదలుపెట్టారు. మొదటి చరణం అయింది, గిటారు సాగింది, బొకేలో కళ్ళు మూసుకుని "న్సింబా!" అని కేకవేశాడు. కరెంటు పోయింది. ఎనిమిదో తారీకు మళ్ళీ పాడారు. "న్సింబా!" అనగానే గిటారు తీగ తెగి బొకేలో చెవి మీద కొట్టింది. తొమ్మిదో తారీకున బాస్ గిటారు వాయించే మాకియేసే వచ్చాడు గాని, అతని ఎడమ దవడ లాందు బొండంలా ఉబ్బి ఉంది.

"నేను వాయించను" అన్నాడు మాకియేసే, సగం నోటితో.

"పన్ను పీకించుకుని రారా."

"పన్ను కాదు. ఎవరి పేరు పిలుస్తున్నావో చూసుకున్నావా? కవల! ఒక్క కవలనే పిలిస్తే రెండోది ఊరుకుంటుందా?"

"రెండోది బూట్లు అమ్ముకుంటోంది. దానికేం తెలుసు?"

"దానికి తెలియక్కర్లేదు. నా దవడకి తెలిసింది."

మాకియేసే కాంగో ఇంటివాడు. కవలల్లో ఒకరికి అరటిపండిస్తే ఇంకొకరికీ ఇవ్వాలి, ఒకరిని తిడితే ఇంకొకరినీ తిట్టాలి అన్న ఇంట్లో పెరిగాడు. బొకేలో నది ఎగువ నుంచి వచ్చినవాడు. వాళ్ళ ఊళ్ళోనూ ఇదే పట్టింపు ఉంది గాని, చొక్కాల గుడ్డ చూసేసరికి ఆ సంగతి గుర్తు రాలేదు. ఇప్పుడు గుర్తొచ్చింది. కానీ న్సింబా మాటా గుర్తొచ్చింది. మధ్యే మార్గంగా, న్జూజికి ఏమైనా పట్టింపు ఉందేమో మెల్లిగా కనుక్కోమని లాందుకి చెప్పాడు.

లాందు ఎనిమిది నెలలుగా ఒకే పద్ధతిలో కబుర్లు చేరవేస్తోంది. బాణలి దగ్గర్నుంచి కదలకుండా గొంతెత్తింది. "అక్కా! నీ పేరు తీసేసి న్సింబా పేరొక్కటే పాటలో పిలిస్తే నీకేమన్నా అభ్యంతరమా అని అడుగుతున్నాడు!"

వరసంతా తల తిప్పింది. న్జూజి చేతిలో బూటు అలాగే ఉండిపోయింది.

"ఒక్క కవలనే పిలిచేది ఎప్పుడే?" అంది. "రెండోది చస్తేనే కదా! నేను బతికుండగానే నన్ను పూడ్చేసిందా?"

కొట్టు మీద గుడ్డ కప్పి, ఏడుస్తూ వాళ్ళమ్మ ఇంటికి బయల్దేరింది. ఇక్కడ జరిగిన పొరపాటు చిన్నదే. ఏడుస్తూ వెళ్ళిన న్జూజిని చూసినవాళ్ళు తక్కువ. గుడ్డ కప్పిన కొట్టునీ, "న్సింబా పేరొక్కటే పిలుస్తారట" అన్న మాటనీ మోసుకెళ్ళినవాళ్ళు ఎక్కువ. మూడో వరసలో బయల్దేరిన మాట చేపల వరస చేరేసరికి న్జూజి మంచం పట్టింది, ఉల్లిపాయల వరస చేరేసరికి ప్రాణం పోయింది.

మర్నాడు ఉదయం న్జూజి కొట్టు తెరిచేసరికి ముగ్గురు ఆడవాళ్ళు నల్లగుడ్డలు చుట్టుకుని నిలబడి ఉన్నారు.

"న్జూజి పోయిందట కదమ్మా. శవాన్ని ఎక్కడుంచారు?"

"ఇదిగో, బూట్లమ్ముతోంది!" అంది న్జూజి.

వాళ్ళు నిరాశగా వెళ్ళిపోయారు. వెనకే ఒకాయన వచ్చి ఒక జత బూట్లు తిప్పి తిప్పి చూశాడు. "చనిపోయినావిడ సరుకు కదా, తగ్గించి ఇస్తారేమోనని వచ్చా."

"చనిపోయినావిడే ఇస్తోంది. తగ్గించదు."

మధ్యాహ్నానికి సంగతి ఇంకా ముదిరింది. ఓదార్పుకి వచ్చేవాళ్ళ కోసం అద్దెకిచ్చే నలభై ప్లాస్టిక్ కుర్చీలతో ఒక తోపుడుబండి వాళ్ళమ్మ ఇంటి ముందు ఆగింది. ఎవరు మాట్లాడి పంపారో ఎవరికీ తెలియదు. వాళ్ళమ్మని ఆ పేటలో ఎవరూ పేరుతో పిలవరు, 'కవలల తల్లి' అంటారు. ఆ పిలుపు ఒక బిరుదులాంటిది. పోలీసులు కూడా ఆవిడకి దారిస్తారు. ఆవిడ కుర్చీల బండిని వెనక్కి పంపలేదు. దాన్ని వెంటబెట్టుకుని నేరుగా మార్కెట్టుకి వచ్చి, మూడో వరస మధ్యలో ఒక కుర్చీ వేయించుకుని కూర్చుంది.

"న్సింబా! ఇలా రా. న్జూజీ! నువ్వూ రా. ఆ పాటగాణ్ణి పిలవండి."

బొకేలో వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"నా కడుపున ఒక్కసారే ఇద్దరొచ్చారు. పిలిస్తే ఇద్దరినీ పిలువు, లేదా ఇద్దరినీ మానెయ్. ఒకే ఊపిరిలో పిలవాలి. ఒకరిని ఎన్నిసార్లు పిలిస్తే ఇంకొకరినీ అన్నిసార్లే."

"అమ్మా, చొక్కాలు నేనిచ్చాను!" అంది న్సింబా. "నా సొమ్ముతో ఎదురు కొట్టుకి దండోరా వేయించమంటావా?"

"అదీ నిజమే" అంది తల్లి. ఆవిడా ఒకప్పుడు ఎండుచేపలమ్మిన మనిషి. "న్జూజీ, నువ్వేమిస్తావు?"

న్జూజి లాందు వైపు తిరిగింది. "చెప్పు, ఆరు జతల బూట్లు."

"పిల్లల బూట్లు కదమ్మా!" అన్నాడు బొకేలో.

"పెద్ద సైజు చూసి ఇస్తుందిలే. వేళ్ళు ముడుచుకో" అంది తల్లి. "ఇక లాందు ఉంది. కవలల వెనక పుట్టిన పిల్లని వదిలేస్తే కవలలకి కోపం. దాని పేరూ వెయ్యి. దాని వెనక పుట్టిన లుకోంబో మటాడి రేవులో ఉన్నాడు. వాడి పేరూ వెయ్యి."

"అలాగేనమ్మా."

"నన్ను మర్చిపోయినా ఫరవాలేదు" అందావిడ, కుర్చీలోంచి లేవకుండా.

"అయ్యో, మిమ్మల్నా!" అన్నాడు బొకేలో.

పన్నెండో తారీకు మళ్ళీ దర్జీ కొట్టు వెనక చేరారు. ఆరుగురూ కొత్త చొక్కాల్లో ఉన్నారు, బూట్లలో వేళ్ళు ముడుచుకుని ఉన్నారు. మాకియేసే దవడ వాపు దిగింది. కరెంటు మాత్రం లేదు. బొకేలో వీధి చివర స్తంభం దగ్గరికి పరిగెత్తాడు. ఆ పేట లైన్‌మన్ చిబాంగు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

"అన్నా, ఒక్క పాట అయ్యేదాకా మా వీధికి ఇవ్వు."

"ఈ పాటేనా కవలల పేర్లు పిలిచేది?" అన్నాడు చిబాంగు. "మా లూబా ఇళ్ళలో కవలలు లేరా? మ్బుయి, కబాంగా. నా ఇంట్లోనే ఉన్నారు, నాలుగేళ్ళు. వాళ్ళు మనుషులు కారా?"

"వేస్తానన్నా, వేస్తా. ఎంతసేపు ఇస్తావు?"

చిబాంగు జేబులోంచి ఒక సిగరెట్టు తీశాడు. "ఎదురు వీధిది తీసి నీకు ఇవ్వాలి. వాళ్ళు ఊరుకోరు. ఇది కాలేదాకా ఇస్తా."

మామూలు పాటకి ఒక సిగరెట్టు చాలా ఎక్కువ. కానీ ఇది మామూలు పాట కాదు. మొదటి చరణంలో గొల్లలు గొర్రెల్ని తోలుకొచ్చారు. తర్వాత న్సింబా, న్జూజి, లాందు, లుకోంబో, కవలల తల్లి వచ్చారు. రెండో చరణంలో దేవదూతలు దిగారు. తర్వాత మళ్ళీ న్సింబా, న్జూజి, వాళ్ళ వెనక మ్బుయి, కబాంగా. లైన్‌మన్ ఎక్కడైనా వింటాడేమోనని వాళ్ళని ఇంకోసారి పిలిచారు. అప్పుడు బొకేలోకి ఒక ఆలోచన వచ్చింది. ఇంతమంది పిల్లల్ని పిలిచి సొంత అక్క కవలల్ని వదిలేస్తే రేపు ఊళ్ళో అక్క ముఖం ఎలా చూడాలి? "మ్బో! మ్పియా!" అని కేకవేశాడు. డ్రమ్ముకి ఉత్సాహమొచ్చి ఒక రౌండు ఎక్కువ తిప్పింది. చివరికి మూడో చరణం ఎత్తుకున్నాడు. "ఆ రాత్రి పుట్టాడు..." అన్నాడు.

స్తంభం దగ్గర సిగరెట్టు అయిపోయింది.

ఇంకో రోజు గది ఇమ్మంటే దర్జీ చేతులు జోడించాడు. క్రిస్మస్ కుట్టుపని నెత్తిమీదుంది, మైకు మీద కూడా ప్యాంట్లు ఆరేశాడు. ఉన్న టేపు ఉన్నట్టే బీరు హాలుకి వెళ్ళింది. పాటలో న్సింబా పేరుంది, న్జూజి పేరుంది. మూడో వరస, మూల, పసుపు గౌన్లు మాత్రం చీకట్లోనే ఉండిపోయాయి.

మూడు రోజుల్లో పాట ఊరంతా పాకింది. ఎందుకు పాకిందని బొకేలోని అడిగితే తన గొంతు వల్ల అంటాడు. అసలు కారణం పాట మధ్యలో తెగిపోవడమే. "ఆ రాత్రి పుట్టాడు..." అని ఆగిపోగానే బస్సులో జనం ఎవరి ఇంటి కవలల పేర్లు వాళ్ళు అరిచేవాళ్ళు. డ్రైవరు బండి ఆపి తన మేనకోడళ్ళ పేర్లు అరిచేవాడు. బార్లలో ఆ చోటు కోసమే పాట మళ్ళీ మళ్ళీ వేయించుకున్నారు. ఆ ఊళ్ళో కవలలు లేని వంశం లేదు.

అక్కడే న్సింబా కొంప మునిగింది. కవలలున్న ప్రతి కాంగో ఇంట్లోనూ ఒక న్సింబా ఉన్నప్పుడు, ఒట్టి పేరు పిలిస్తే ఏ కొట్టని వెళ్ళడం?

"కింతాంబో పేటలో ఒక న్సింబా ఉన్నాడటక్కా, మంగలి" అంది లాందు, పంతొమ్మిదో తారీకున. "పాటలో న్సింబా ఆయనే అని ఆయన కొట్టు ముందు ఇంత పొడుగు వరసట. రైలు స్టేషను దగ్గర ఇంకొక న్సింబా ఉందట, విగ్గులమ్ముతుంది. ఆవిడ విగ్గులన్నీ అయిపోయాయట."

న్సింబా కొట్టులో రెండొందల పాతిక గౌన్లున్నాయి. క్రిస్మస్‌కి ఆరు రోజులుంది. బొకేలో చొక్కా కాలరు పట్టుకుంది. అది తనిచ్చిన గుడ్డే.

"నా మూల ఏదిరా? నా పసుపు గౌన్లు ఏవి?"

"సిగరెట్టు అయిపోయిందక్కా!"

"నా సొమ్ముతో ఊళ్ళో మంగళ్ళందరికీ బేరాలు తెచ్చిపెట్టావు కదరా!"

ఎదురుగా న్జూజి బూట్లు తుడుచుకుంటూ కూర్చుంది. తన కొట్టూ ఈగలు తోలుకుంటూనే ఉంది. చనిపోయినావిడ కొట్టులో పిల్లలకి బూట్లు కొనడానికి సగం ఊరు ఇంకా జంకుతోంది. అయినా ఆమె మాట్లాడకుండా ఇంకో పదకొండు రోజులు కూర్చుంటే ముప్పయ్యో తారీకున మూల దానంతటదే వస్తుంది. కూర్చుని గెలిచే బేరం ఇంతకంటే ఏముంది?

ఇరవై ఒకటో తారీకు ఉదయం ఒక భారీ మనిషి చెరో చేత్తో ఒక ఆడపిల్లని పట్టుకుని చెమటలు కక్కుతూ వచ్చింది. ఇద్దరు పిల్లలూ అచ్చు గుద్దినట్టున్నారు.

"ఒకేలాంటి గౌన్లు రెండున్నాయా? తెల్లవారినప్పటినుంచి తిరుగుతున్నా. ఎక్కడ చూసినా ఒకటి ఎరుపు, ఒకటి నీలం. వీళ్ళిద్దరికీ వేరు వేరుగా వేశానా, ఒకదానికి జ్వరం వస్తుంది."

న్సింబా గుట్టలోంచి రెండు గౌన్లు లాగింది. "రెండా? ఎన్ని కావాలంటే అన్ని ఉన్నాయి."

ఆవిడ గౌన్లు పిల్లల భుజాల మీద పెట్టి చూసింది. అటు చూసింది, ఇటు చూసింది. మొహం విప్పారింది. "నీ పేరేంటమ్మా?"

"న్సింబా."

"పాటలో న్సింబానా? మరి న్జూజి ఏది?"

"నేను చాలనా?"

"చాలవు!" అందావిడ. "నిన్న కింతాంబో మంగలి దగ్గరికి వెళ్ళా. నీ న్జూజి ఏడిరా అంటే అంగోలాలో ఉన్నాడన్నాడు. విగ్గులావిడ న్జూజి పెళ్ళయి వెళ్ళిపోయిందట. సగం దీవెన నేనేం చేసుకోను? క్రిస్మస్ పూట కవల పిల్లలకి కొంటున్నా. ఒక కవల చేతిలో డబ్బు పెడితే రెండోదాని చేతిలోనూ పెట్టాలి. అది లేకపోతే నాకీ గౌన్లు వద్దు."

న్సింబా గౌన్ల గుట్ట వైపు చూసింది. దారికి అవతల చూసింది. నాలుగు బారల దూరం. గొంతు సవరించుకుంది. "లాందూ, ఎదురుకొట్టావిడకి చెప్పు..."

"నేను చెప్పను!" అంది లాందు. గరిటె బాణలి అంచు మీద ఠంగున కొట్టింది. "ఎనిమిది నెలలనుంచి మీ మాటలు మోస్తూ రోజుకి ఇరవై బొండాలు మాడ్చుకుంటున్నా. ఇద్దరికీ నోళ్ళున్నాయి. పాటలో కూడా మోగుతున్నాయి. ఇక మీరూ మీరూ చూసుకోండి."

వరసలో అందరూ పని ఆపారు. న్జూజికి అంతా వినపడింది. ఊరుకుంటే మూల వస్తుంది. కానీ ఆ భారీ మనిషి కాళ్ళ దగ్గర నాలుగు చిన్న పాదాలు చెప్పుల్లేకుండా ఉన్నాయి. ఒక బేరానికి రెండు జతలు. ఊళ్ళో ఇలాంటి తల్లులు ఎంతమంది ఉంటారు? ఆపైన కవల పక్కన నిలబడితే తను బతికే ఉన్నానని ఊరికి మళ్ళీ మళ్ళీ చెప్పుకోనక్కర్లేదు. న్జూజి చేతిలో ఉన్న బూట్ల పెట్టెకి మూత పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది.

"సైజెంత?" అంది, లాందుని చూడకుండా.

"ఇరవై నాలుగనుకుంటా" అంది న్సింబా. "నువ్వే చూడు. నాకు చూపు ఆనదు కదా."

న్జూజి దారి దాటి వచ్చి పిల్లల పాదాలు కొలిచింది. "ఇరవై ఐదు. నీకు నిజంగానే ఆనదు" అంది.

ఆ తల్లి ఇద్దరి చేతుల్లోనూ సమానంగా డబ్బు పెట్టి, ఇద్దరి చేతా పిల్లల తలలు నిమిరించుకుని వెళ్ళింది. సాయంత్రానికి ఆవిడ పేటలోంచి ఐదుగురు తల్లులు వచ్చారు. మర్నాడు పొద్దున తల్లుల వరస చేపల కొట్ల దాకా సాగింది. ఊళ్ళో న్సింబాలు ఎందరో ఉన్నారు గాని, న్సింబా న్జూజి ఎదురెదురుగా కూర్చుని, ఒకేలాంటి బట్టలూ ఒకేలాంటి బూట్లూ జతలుగా అమ్మే చోటు ఒక్కటే ఉంది. మగ కవలల తల్లులు వస్తే న్సింబా గౌన్లనే దర్జీకి పంపింది. కుచ్చూ పువ్వూ తీసేసి, అడుగు కత్తిరిస్తే అది చొక్కా. దర్జీ మైకు మీద ప్యాంట్లు తీసి చొక్కాలు ఆరేశాడు. ఇరవై నాలుగో తారీకు మధ్యాహ్నానికి తాడు మీద ఒక్క గౌను లేదు. చివరి రెండూ చిబాంగు కూతుళ్ళకి పోయాయి. ఆ సాయంత్రం మార్కెట్టుకి కరెంటు పోలేదు.

క్రిస్మస్ పొద్దున చర్చిలో ఫాదర్ పీఠం మీదనుంచి చూస్తే బెంచీల నిండా పసుపు రంగు జంటలు జంటలుగా కనపడింది. పూజ అయ్యాక ఆయన గుమ్మంలో బొకేలోని ఆపాడు.

"పాట బాగుందయ్యా. అందరి పేర్లూ ఉన్నాయి. ఎవరి పుట్టినరోజో ఆయన పేరు మాత్రం లేదేం?"

"మూడో చరణంలో ఉంది ఫాదర్" అన్నాడు బొకేలో, తల గోక్కుంటూ. "కరెంటు పోయింది."

ముప్పయ్యో తారీకున న్సింబా కిస్తీ కట్టింది. స్థలం రాసే గుమాస్తా పేరు అడిగితే న్జూజి పక్కనుంచి, "ఇద్దరివీ రాయండి, లేకపోతే మీ దవడ వాస్తుంది" అంది. గుమాస్తా రెండు పేర్లూ రాశాడు. కొత్త సంవత్సరం మొదటి వారంలోనే న్జూజి బూట్ల బల్ల మూలకి చేరింది. బేరానికి వచ్చినవాళ్ళతో న్సింబా, "మా చెల్లెలండీ. పన్నెండేళ్ళు చిన్నది. ఇంకా లెక్కలు రావు, చిల్లర సరిచూసుకోండి" అనడం మొదలుపెట్టింది. న్జూజి బూటుతో ఆమె వీపు మీద ఒకటి వేసేది. లాందు బొండాలు మాడటం తగ్గింది.

మరుసటి డిసెంబరుకి న్సింబా స్వయంగా నది దాటి వెళ్ళింది. సరుకు అమ్మేవాణ్ణి పట్టుకుని, పోయినేటిలాగే అన్నీ ఒకటే రకం ఉన్న మూట కావాలని ఒట్టు వేయించుకుని, నాలుగు డబ్బులు ఎక్కువిచ్చి మరీ తెచ్చుకుంది. రెండో తారీకు ఉదయం ఎనిమిదింటికి అక్కచెల్లెళ్ళిద్దరూ చెరోవైపూ పట్టుకుని మూట విప్పారు.

లోపల రెండొందల నలభై గౌన్లున్నాయి, ఏ రెండూ ఒకలా లేవు.